షైలో చర్చిలో మాకరోనీ

తుపాకి గుండు కిటికీ అద్దాన్ని పగలగొట్టుకుని లోపలికొచ్చింది. పాస్టర్ ఎర్నెస్టీన్ గైథర్ చెవి పక్కనుంచి దూసుకుపోయి, అప్పుడే పొయ్యిలోంచి దించిన మాకరోనీ ట్రేలో కూరుకుపోయింది. వీధిలో ఒక పికప్ ట్రక్కు కీచుమంటూ మలుపు తిరిగింది. అందులోంచి ఎవడో "పిల్లల్ని వదిలెయ్యండ్రా!" అని అరిచాడు.

షైలో చర్చి కింది గదిలో పిల్లలెవరూ లేరు. బుధవారం సాయంత్రం ఆకలితో వచ్చే వాషింగ్టన్ వాసుల కోసం వేసిన బల్లలున్నాయి, కుర్చీలున్నాయి.

చీజు ఇంకా అంటుకునే ఉన్న ఆ గుండు ప్లాస్టిక్ సంచిలో హెస్టర్ లింక్ బల్ల మీదికి చేరింది. ఆమె సర్కారు గూఢచారి డిపార్ట్‌మెంటుకి పెద్ద. ఎదురుగా ఏజెంట్ వెండెల్ ప్రాట్ కూర్చున్నాడు.

"చెదపురుగు మళ్ళీ బయటికొచ్చింది," అంది హెస్టర్.

చెదపురుగు అన్నది ఒక విదేశీ ముఠాకి డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు. సెనేటర్ కార్మోడీ ఎన్నికల ఆఫీసు కంప్యూటర్లలో దూరి, ఆయన కార్యదర్శి నోలన్ పైక్ ఈమెయిళ్ళన్నీ ఎత్తుకుపోయి, ఇంటర్నెట్లో కుమ్మరించింది వాళ్ళే. చాలావరకు చప్పటి సరుకు. ఏ దాతని మంచి చేసుకోవాలి, అతన్ని వెనకాల ఏమని తిట్టుకోవాలి, ఇలాంటివి. మధ్యలో అక్కడక్కడ "బుధవారం నాకో ట్రే మాకరోనీ ఉంచండి" అన్న మాట. పైక్ ఆ చర్చి మనిషి, వారంవారం అక్కడ గరిటె పట్టుకుని వడ్డిస్తాడు. కానీ ఇంటర్నెట్లో ఎవడో మాకరోనీ అంటే పిల్లలన్నాడు. రొట్టె అంటే డబ్బన్నాడు. కేకు అంటే ఏమిటో చెప్పడానికి సిగ్గుపడ్డాడు. దాంతో జనం ఇంకా గట్టిగా నమ్మారు.

"ఈ సాయంత్రం ట్రూ బెల్ ఛానెల్లో చెట్ రావెనెల్ కొత్త ఈమెయిలు చదవబోతున్నాడు. చర్చి కింది గదిలో పిల్లల్ని దాచారని అందులో ఉందట. ఛానెల్లో ఉన్న మన మనిషి చెప్పింది, మారుపేరు కార్డినల్. తుపాకులున్న వాళ్ళు ఇప్పటికే ఆ వీధిలో తిరుగుతున్నారు. రావెనెల్ నోట ఆ మాట వస్తే చాలు, లోపలికి దూకుతారు. తలుపు దగ్గర పోలీసులుంటారు. మధ్యలో అన్నం తినడానికొచ్చిన వాళ్ళుంటారు. ముఠాకి కావలసింది టీవీల్లో ఆ బొమ్మే."

"షో ఆపించండి."

"ఆపితే, నిజం కాబట్టే ఆపారంటారు. పైగా రాజ్యాంగం ఒప్పుకోదు. వాడి నోరు మనం నొక్కలేం వెండెల్. వాడంతట వాడే మూసుకోవాలి."

"చర్చి ఖాళీ చేయిస్తే?"

"అడిగి చూడు. నేనడిగితే పాస్టరమ్మ ఫోను పెట్టేసింది."

పాస్టరమ్మ కిటికీకి అట్ట ముక్క అతికిస్తూ కనిపించింది. వెండెల్ గుర్తింపు కార్డు చూసి మళ్ళీ పనిలో పడింది.

"మా నాన్న పౌరహక్కుల కోసం కొట్లాడాడని, ఆయన బతికున్నన్నాళ్ళూ మీవాళ్ళు మా ఫోను విన్నారు. ఆయన పోయాక కూడా విన్నారు, దెయ్యమై ఎవరికైనా ఫోను చేస్తాడనుకున్నారో ఏమో. ఇప్పుడు నా మంచి కోరి వచ్చారా?"

"అవునమ్మా. ఈ ఒక్క పూటా తలుపు మూసెయ్యండి."

"మూస్తే లోపల ఏదో ఉందంటారు. తెరిస్తే కాలుస్తారు. ఎలాగూ తిట్లు తప్పనప్పుడు తెరిచే ఉంచుతాను, నలుగురన్నా తింటారు." ఆమె అట్టని గట్టిగా అదిమింది. "మీ కళ్ళు చూస్తే పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు. ఆ సూపు తాగండి. మీ మీద కోపం వేరు, మీ కడుపు వేరు."

వెండెల్ నిలబడే తాగాడు. వేడిగా ఉంది. వెళ్తూ ఒక చిన్న ఫోను ఆమె చేతిలో పెట్టాడు. అది అతని చెవిలో పెట్టుకునే వినికిడి యంత్రానికి నేరుగా కలుస్తుంది. అతను విన్నవన్నీ ఆమెకీ, హెస్టర్‌కీ వినిపిస్తాయి, వాళ్ళ మాటలు అతనికి.

"అంటే ఈసారి మీ ఫోను నేను వింటానన్నమాట," అంది పాస్టరమ్మ. "దేవుడున్నాడు."

అక్కడినుంచి పొటోమాక్ క్రానికల్ పత్రికాఫీసు. ఎడిటర్ ఫిలిప్ ట్రాస్క్ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు, కూర్చోమనలేదు.

"మొత్తం ఈమెయిళ్ళ కట్ట మీకు అందరికన్నా ముందే చేరింది కదా?" అన్నాడు వెండెల్.

"ఉందని మేమెప్పుడన్నాం?"

"పిల్లల్ని దాచిన ఈమెయిలు అందులో ఉందా, లేదా? ఒక్క ముక్క చాలు."

ట్రాస్క్ తలుపు వైపు చూసి, "లేదు," అన్నాడు.

"ఆ ముక్కే మీ వెబ్‌సైట్లో వెయ్యండి."

"వేస్తే, ఇన్నాళ్ళూ కట్ట మీద ఎందుకు కూర్చున్నారంటారు. కార్మోడీ పరువు కాపాడ్డానికేనంటారు. ఆయన ఓడిపోతే అవతలి గాడిద గెలుస్తాడు."

"మీరు దాచారు కాబట్టే జనం ఇంకేదో ఉందనుకున్నారు. చర్చిలో మనుషులు చస్తే?"

"ఆ పాపం రావెనెల్‌ది. మేం గట్టి సంపాదకీయం రాస్తాం."

"సంతాపాలు బాగా రాస్తారని విన్నాను," అని వెండెల్ బయటికి నడిచాడు.

సాయంత్రం ట్రూ బెల్ భవనంలో లిఫ్టు దిగింది వెండెల్ కాదు, కల్నల్ ఆర్చిబాల్డ్ మీక్. తెల్లటి బుగ్గమీసాలు, చేతికర్ర, పాత కోటు. చంద్రుడి దగ్గర్నుంచి పాల ధర దాకా అన్నిటి వెనకా కుట్రే ఉందని నమ్మే రిటైర్డ్ సైనికుడు. అలాంటి మనిషి లేడు. ముఠా వల వేస్తే పట్టుకోవడానికి డిపార్ట్‌మెంటు ఇంటర్నెట్లో పెంచి పోషించిన బూటకమది. అభిమానులు మాత్రం బోలెడంత మంది. రావెనెల్ ఎన్నాళ్ళుగానో పిలుస్తున్నాడు. కల్నల్ వేషంలో వెండెల్ ఈసారి సరేనన్నాడు.

మేకప్ గదిలో ఎర్రటి గౌను వేసుకున్న ఒక అందగత్తె పౌడరు అద్దే మనిషిని బయటికి పంపేసింది. అత్తరు వాసన గదంతా నిండింది. ఆమె రావెనెల్ షో ప్రొడ్యూసర్ సబీన్ హాల్డేన్, ఒహాయో రాష్ట్రంనుంచి వచ్చానని చెప్పుకునే మనిషి.

"వంతెన మీద ట్రాఫిక్ ఎలా ఉంది?" అన్నాడు కల్నల్.

"వంతెన ఖాళీ. నదే నిండుగా ఉంది."

గుర్తు మాట కలిసింది, కార్డినల్ ఈమే. సబీన్ మడిచిన కాగితం అందించింది. "చదివి ఇచ్చెయ్యండి. నేను చెయ్యగలిగిందింతే. రావెనెల్‌ని నేను ఆపలేను."

వెండెల్ చదివాడు. పైక్ ఎవరికో రాసినట్టుంది: "జూన్ ప్రైమరీ రోజు సాయంత్రం షైలో కింది గదికి వచ్చెయ్. మన వ్యాన్లు, మన బ్యానర్లు అక్కడే పెడదాం. ఊరంతా ఓట్ల హడావిడిలో ఉంటుంది. చర్చి ఖాళీ. పిల్లలు లోపలి గదిలోనే ఉన్నారు."

"జూన్ ప్రైమరీ రోజు షైలో కింది గది ఖాళీయా?" అని పైకే అన్నాడు. ప్రైమరీ అంటే పార్టీల అభ్యర్థుల్ని జనమే ఓటేసి ఎంచుకునే రోజు.

చెవిలో పాస్టరమ్మ గొంతు చిటపటలాడింది. "ఖాళీయా? ఆ రోజు మా కింది గదిలోనే పోలింగ్! మెట్ల మీదినుంచి వీధి చివరిదాకా లైను. కార్మోడీ బొమ్మున్న టోపీ పెట్టుకుని నోలనే వస్తే, అధికారులు వాణ్ణి గేటవతలికి తోలారు. పోలింగ్ చోట బ్యానర్లా? వాడు చిన్నప్పట్నుంచీ ఎన్నికల్లోనే పెరిగాడు, అంత బుద్ధిలేని మాట రాస్తాడా?"

వెండెల్ కాగితం దించాడు. తను మొదటిసారి ఓటేసింది కూడా ఒక చర్చి కింది గదిలోనే. గుమ్మం దగ్గర ఒక ముసలావిడ చలికి వణుకుతున్న వాళ్ళకి కాఫీ పోసేది.

"ఇందులో ఒక తేడా ఉంది," అన్నాడు సబీన్‌తో. "ఆ గది ఆ రోజు పోలింగ్ బూత్."

సబీన్ నవ్వింది. "ఎవరు చెప్పారు? ఓట్లేమిటి, చర్చిలో ఏమిటి? రాజ్యం పని దేవుడింట్లో ఎవరు చేస్తారు?"

గది ఒక్కసారిగా చల్లబడ్డట్టయింది.

"మీది ఒహాయో అన్నారు," అన్నాడు వెండెల్ నెమ్మదిగా. "ఒహాయోలో పుట్టి పెరిగిన మనిషి ఆ మాట అనదు. ఈ కాగితం రాసిన చెయ్యి, మీ చెయ్యి ఒకే దేశానివి. పోలీసుల్ని చర్చి గుమ్మం దగ్గరికి రప్పించాలనే మాకు ముందుగా చెప్పారు."

ఆమె చేతిలో లిప్‌స్టిక్ గొట్టం టక్కున తెరుచుకుంది. లోపల రంగు లేదు, సూది ఉంది. వెండెల్ కుర్చీని గిర్రున తిప్పాడు. సూది కుర్చీ తోలులో దిగబడింది. మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. సబీన్ గింజుకోలేదు. చెవి దగ్గరికి వంగి గుసగుసలాడింది.

"అరవండి కల్నల్. అరిస్తే మీరెవరో అందరికీ తెలుస్తుంది. మారువేషంలో సర్కారు గూఢచారి ఛానెల్లో దూరాడు! ఈమెయిలు కన్నా మంచి వార్త. రావెనెల్ అది కూడా చదువుతాడు."

నిజమే. వెండెల్ చెయ్యి వదిలేశాడు. ఆమె గౌను సర్దుకుని కంట్రోల్ రూము వైపు, అతను కర్ర పట్టుకుని స్టూడియో వైపు నడిచారు. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

"అంతా విన్నాను," అంది చెవిలో హెస్టర్. "మనవాళ్ళు లిఫ్టెక్కారు. కానీ ఆమెని పట్టుకునే లోపల షో మొదలైపోతుంది."

స్టూడియోలో చెట్ రావెనెల్ జుట్టు సరిచూసుకుంటున్నాడు. వెండెల్ కూర్చుంటూ తన కోటు గుండీ ఒకటి పీకి బల్ల అడుగున అంటించాడు. అది సిగ్నల్ చెడగొట్టే గుండీ, ఇక కంట్రోల్ రూము చెప్పే మాటలేవీ రావెనెల్ చెవికి చేరవు, బరబరమన్న చప్పుడు తప్ప.

ఎర్ర దీపం వెలిగింది.

"మిత్రులారా! ఇతర ఛానెళ్ళు మీనుంచి దాచిన నిజం ఈ సాయంత్రం నా చేతిలో ఉంది." రావెనెల్ కాగితం ఎత్తాడు.

"తుపాకులవాళ్ళు మా మెట్ల మీదికొచ్చారు బాబూ," అంది చెవిలో పాస్టరమ్మ. "ఫోన్లో మీ షో పెట్టుకుని వింటున్నారు. పోలీసులు వాళ్ళకెదురు నిలబడ్డారు. లోపల జనం తింటున్నారు."

"చెట్!" కల్నల్ కర్రతో నేలని కొట్టాడు. "అది చదివావా, నవ్వులపాలవుతావు!"

"కల్నల్ గారూ, మీరు కూడా అమ్ముడుపోయారా?"

"నేనా? పాలపొడిని కూడా నమ్మని వాణ్ణి! అందులో తేదీ చూడు. జూన్ ప్రైమరీ రోజు. చోటు చూడు. చర్చి కింది గది. మన షో చూసేవాళ్ళలో పోలింగ్ చోట కూర్చుని పేర్లు పిలిచినవాళ్ళు వేలమంది. ఆ రోజు అక్కడ ఎవరుంటారో వాళ్ళకి తెలీదా? బ్యానర్లతో ఎవడైనా గుమ్మం తొక్కగలడా?"

రావెనెల్ నోరు తెరిచాడు. గాజు గోడ అవతల సబీన్ 'చదువు, చదువు' అని చేతులూపుతోంది. అతను చెవిలో ఇయర్‌ఫోన్ని అదిమాడు. బరబర తప్ప ఏమీ లేదు.

"ఓటెయ్యడానికెళ్తే నన్నొకసారి గెంటేశారు," అన్నాడు ఉన్నట్టుండి, కెమెరాని మరచిపోయినట్టు. "కోటుకి పార్టీ బ్యాడ్జీ ఉందని. అదీ చర్చే."

"మరి? ఈ దేశంలో ఒక్కసారి ఓటేసినవాడెవడైనా ఇది రాస్తాడా?"

"ఒకడు మా తలుపు గొళ్ళెం మీద చెయ్యేశాడు," అంది పాస్టరమ్మ.

రావెనెల్ కాగితాన్ని చూశాడు, కెమెరాని చూశాడు. ఎదుటివాడు చస్తే భరించగలడు కానీ, ఎదుటివాడు నవ్వితే భరించలేని మనిషి. కాగితాన్ని నిలువునా చింపాడు.

"మిత్రులారా! ఒక విదేశీ ముఠా చేసిన ఈ దొంగ ఈమెయిలుని మీ చెట్ రావెనెల్ ఇప్పుడే, మీ కళ్ళెదుటే పట్టుకున్నాడు! ఆ చర్చిలో ఏమీ లేదు. ఈ మాట మొదట చెప్పింది మనమే!"

గాజు గోడ అవతల ఎర్ర గౌను తలుపు వైపు కదిలింది. తలుపు తీసింది హెస్టర్ మనుషులు.

కాసేపటికి వెండెల్ చెవిలో గిన్నెల చప్పుడు.

"ఇద్దరు వెళ్ళిపోయారు," అంది పాస్టరమ్మ. "ఒకడు మాత్రం గదులన్నీ చూడాలన్నాడు. తుపాకి కార్లో పడేసి రా, చూపిస్తానన్నాను. అన్నీ చూశాడు, అలమారలు కూడా. ఊరికే నిలబడ్డం ఎందుకని గిన్నెలు తోమమన్నాను. బాగానే తోముతున్నాడు పాపం."

మర్నాడు ట్రూ బెల్ తన విజయం గురించి పొద్దస్తమానం చెప్పుకుంది. క్రానికల్ రావెనెల్‌ని కడిగేస్తూ గట్టి సంపాదకీయం రాసింది. తన కట్ట గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఇంటర్నెట్ మాత్రం ఇంకో సంగతి కనిపెట్టింది. కల్నల్ మీక్ షో అయ్యాక ఆ భవనంలోంచి బయటికి రావడం ఎవరూ చూడలేదు.

సంధ్యవేళ వెండెల్ ఆఫీసు మెట్లు దిగేసరికి కాలిబాట నిండా జనం. కల్నల్ బొమ్మలు, పూలు, కొవ్వొత్తులు. నిజం చెప్పినందుకు ఆయన్ని సర్కారే మాయం చేసిందట. ఒక పెద్దావిడ అతని చేతికి కొవ్వొత్తి ఇచ్చి వెలిగించింది. గాలికి ఆరిపోకుండా తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"కల్నల్ గారు మీకు తెలుసా నాయనా?"

"కొద్దిగా," అన్నాడు వెండెల్. "మంచివాడేనండీ. కాకపోతే విన్నదల్లా నమ్మేసేవాడు."