చుట్టీ మొగుడు

గంగాబాయికి కోపమొస్తే నోరు మాట్లాడదు, గిన్నెలు మాట్లాడతాయి. ఆ శుక్రవారం ఇంకా కాఫీలు కూడా కాకముందే, దోహాలో అల్ ముంతజాలోని ఆ రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో గిన్నెలు మొదలుపెట్టాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం కోడళ్ల హక్కని లోకం అంటుంది గానీ, ఈ ఇంట్లో ఆ హక్కు కూడా అత్తగారే లాక్కుంది. సింకులో తపేలా పడ్డ చప్పుడుకి హాల్లో ఉన్న కోడలు ప్రమీల ఉలిక్కిపడి చేతిలోని ఉన్ని టోపీ కింద పడేసింది.

సోఫా నిండా చలి బట్టలే. లావుపాటి జాకెట్లు, గ్లోవ్స్, కూతురు గంగోత్రికి ఎర్ర మఫ్లరు. బయట చూస్తే నవంబరు చివరికొచ్చినా దోహా ఎండ చురుక్కుమంటూనే ఉంది. అయినా ప్రమీల పట్టు విడవలేదు. క్రిస్మస్ సెలవులకి జార్జియాలో బకురియానీ అనే చిన్న కొండ ఊరికి పోవాలి, అక్కడ నిజం మంచులో నిజం క్రిస్మస్ చెట్టు పక్కన కూతురితో ఫోటో దిగాలి. పెళ్లై వచ్చినప్పటి నుంచీ ప్రతి సెలవూ జగిత్యాల పక్కన అత్తగారి ఊరికే పోయింది. ఒకసారి ఆడబిడ్డ పెళ్లి, ఒకసారి ఇంటికి స్లాబు, ఇంకోసారి ఎవరివో దినాలు. గల్ఫ్‌లో చుట్టీ, అంటే సెలవు దొరికిందంటే, ఇంటికి పోవడమే. ఇంకెక్కడికైనా పోతే అది చుట్టీ కాదు, నేరం. ఈసారి ఆ నేరం చేసి తీరాలనుకుంది ప్రమీల.

"అత్తమ్మా, ఆ గిన్నెలేం పాపం చేసినయి? నేను తోముత గద," అంది వంటింటి వైపు తిరిగి.

"నాకింక వేరే పనేమున్నది? మీరు సూట్‌కేసులు సదురుకోండ్రి."

గంగోత్రి పరుగెత్తుకెళ్లి నానమ్మ నడుం పట్టుకుంది. "నానమ్మా, మేం మంచు చూడడానికి పోతున్నం తెలుసా!"

"మంచు సూడనీకి విమానమెక్కుతరానే? మన పసుపు చేన్ల పొద్దుగాల నడిస్తె మోకాళ్ల దాంక మంచే."

"అది కాదు, ఇది పైనుంచి పడతది. తెల్లగ. మాల్‌ల చెట్టు కింద దూది పెట్టిండ్రు చూడు, అట్లుంటది."

"ఏ ఊరన్నవ్?"

"బకురియానీ."

"బకరీ బిర్యానీ లెక్కున్నది," అని గంగాబాయి మళ్లీ తపేలా అందుకుంది.

తనని మంచుకి తీసుకుపోవడం లేదని ముసలమ్మ అలిగిందని ప్రమీల అనుకుంది. ప్రమీల భర్త గజేందర్ కూడా అదే అనుకున్నాడు. ఇద్దరిదీ తప్పే. అడిగితే తెలిసేది. కానీ మన ఇళ్లలో అలిగినవాళ్లని కారణం అడగడం కంటే, మనమే ఒక కారణం ఊహించి దానికి జవాబు వెతుక్కోవడం అలవాటు.

గంగాబాయి దసరా అయ్యాక విజిట్ వీసా మీద వచ్చింది. ఆమె భర్త రాజేశం పెళ్లైన కొత్తలోనే ఈ దేశానికి వచ్చాడు, అప్పటికి గజేందర్ ఇంకా పుట్టలేదు. ఆ పిల్లవాడు ఇంజనీరై, ఇదే దేశంలో ఉద్యోగమొచ్చి, పెళ్లాం పిల్లతో ఫ్లాట్‌లో ఉంటున్నాడు. రాజేశం మాత్రం ఇప్పటికీ బిర్కత్ అల్ అవామిర్‌లోని లేబర్ క్యాంపులోనే ఉంటూ, కంపెనీ స్టోర్ యార్డులో పనిచేస్తున్నాడు. "గంగవ్వ మొగని దగ్గరికి దుబాయ్ పోయింది" అని ఊరంతా చెప్పుకుంది. ఊరోళ్లకి గల్ఫ్ అంతా దుబాయే. తీరా వచ్చి చూస్తే గంగాబాయేమో కొడుకు ఇంట్లో, మొగుడేమో క్యాంపులో. శుక్రవారం మధ్యాహ్నం వచ్చి అన్నం తిని, చీకటి పడకముందే పోతాడు. పైగా వచ్చే ఏడాది వరల్డ్ కప్పు. ఎక్కడ చూసినా రోడ్లు తవ్వి పెట్టారు, కంపెనీలకి కాళ్ల కింద నిప్పు పెట్టినట్టుంది. కొన్ని శుక్రవారాలు డ్యూటీలే మింగేశాయి.

"నువ్వు ఫీల్ కాకు నానమ్మా," అంది గంగోత్రి బుజ్జగిస్తున్నట్టు. "నువ్వొక్కదానివే ఇంట్ల ఉండవు. మేం పోయే ముందురోజే నీ ఫ్లైటు. డాడీ టికెట్ మార్చిండు గద."

గిన్నెల చప్పుడు టక్కున ఆగిపోయింది.

ఆ మాట ప్రమీలకీ కొత్తే. అత్తగారి టికెట్ జనవరి నెలకి ఉంది. ప్రమీల గబగబా పడగ్గదిలోకి పోయి, సెలవు రోజు నిద్రలో ఉన్న గజేందర్ దుప్పటి లాగేసింది.

"ఇగో, లే! అత్తమ్మ టికెట్ మార్చినవా?"

"మార్చిన," అన్నాడు గజేందర్ కళ్లు నులుముకుంటూ. "మనం లేకుంటె ఒక్కతి ఎట్లుంటది? లిఫ్టు తెల్వదు, భాష తెల్వదు. చెప్దామనే అనుకున్న."

"నేనేమన్న? ముందుగాల అడుగు అన్న. అడుగుడు చాతగాలేదు గని మార్చుడు చాతనైందా?"

"నీ ట్రిప్పు కోసమే గద చేసిన!"

"ఆహా! పాపం తెచ్చి నా నెత్తిన పెడుతున్నవా? మంచు చూడనీకి కోడలు అత్తను ఎల్లగొట్టిందని రేపు ఊరంత అనరా? రోడ్లకు ప్లానింగ్ ఇంజనీరువట. ఇంట్ల ఒక్క మనిషిని అడిగే ప్లానింగు లేదు నీకు!"

మధ్యాహ్నం నమాజు అయ్యాక ఇక్రాముద్దీన్ పికప్ కింద హారన్ కొట్టింది. ఇక్రాముద్దీన్‌ది నిజామాబాద్. రాజేశం కంపెనీలోనే డ్రైవరు, వెనక వీధిలోనే ఉంటాడు. రాజేశాన్ని తీసుకొచ్చేదీ తీసుకుపోయేదీ అతనే. రాజేశం లోపలికి వచ్చి, చేతిలోని కుబ్బూస్ రొట్టెల ప్యాకెట్టూ నారింజ పండ్లూ కోడలికిచ్చి, సోఫా చివర అంచున కూర్చున్నాడు. ఎప్పుడొచ్చినా అలాగే కూర్చుంటాడు, ఎవరో పరాయి వాళ్లింటికి చూడ్డానికి వచ్చినట్టు.

అన్నాల దగ్గర గజేందర్ గొంతు సవరించుకున్నాడు. "బాపూ, అవ్వను డిసెంబర్లనే పంపుదామనుకుంటున్న. మేం ఊళ్లె ఉండం గద."

రాజేశం భార్య వైపు ఒకసారి చూసి, కంచంలోకి తల దించుకున్నాడు. "మంచిదే బిడ్డా. మాఫీ ముష్కిల్, ఏం ఇబ్బంది లేదు."

గంగాబాయి చేతిలోని గరిటె పప్పు గిన్నెలో పడింది.

"మాఫీ ముష్కిలా? నీకు లేదు ముష్కిల్. నాకున్నది!"

"అవ్వా, నిన్ను మంచుకు తీస్కపోతలేనని కోపమా? ఆ చలికి నువ్వు ఆగవే—"

"మంచు, మంచు! మన్ను వొయ్య మీ మంచుల!" గంగాబాయి లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది. "నేను గీ దుబాయ్ ఎందుకచ్చిన్రా? అద్దాల బిల్డింగులు సూడనీకా? మీ బాపు కాడికి అచ్చిన!"

"సూస్తనే ఉన్నవ్ గదనే," అన్నాడు రాజేశం మెల్లగా. "శుక్రారం శుక్రారం అస్తనే ఉన్న గద."

"నువ్వు నోర్ముయ్! అసలు నా కోపమంత నీ మీదనే. పెండ్లైన కాడికెల్లి నువ్వు నాకు చుట్టీ మొగనివే. రెండేండ్లకోపారి అస్తివి. అచ్చిన్నాడే యాట కోస్తిమి. సుట్టాలు, సోపతిగాళ్లు, ఊరంత సెంటు సీసలకు లైను కడ్తిరి. నువ్వున్నన్ని దినాలు ఇంట్ల పండుగనే. పండుగ పూట నేను పొయ్యి కాడ, నువ్వు మంది నడుమ. పండుగ ఒడిసిందా, మళ్ల సూట్‌కేసు. అందరాడోళ్లు పొద్దుగాల లేచి మొగనికి సద్ది కడ్తరు. నాకు ఒక్కనాడన్న ఆ భాగ్యమున్నదా? నీకు సద్ది కట్టి పనికి తోలిన్నా? పొద్దుమీకి అలిసచ్చినంక కాళ్లకు నీళ్లిచ్చిన్నా? నువ్వు పనికి పోయే బట్టలు ఏ రంగున్నయో గూడ నాకు తెల్వది!"

గంగోత్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇద్దరం ఒక్క దేశంల ఉంటిమి గదా, ఇప్పుడన్న దొరుకుతడనుకున్న. ఎవలో బంతి తన్నుకుంటరట. దానికోసం నా శుక్రారాలు గుంజుకున్నరు. మిగిలిన నాలుగు దినాలు నా కొడుకే గుంజుకుండు!"

రాజేశం కంచంలో మెతుకులు కెలుకుతూ అన్నాడు. "నాకు లేదానే ఆశ? ఇంజనీరు ఇల్లాయె. పిలువంగ అచ్చి తిని పోవుడు వేరు, అచ్చి పండుడు వేరు. రమ్మనంది ఎట్లుంట?"

ఆ మాట గజేందర్‌కి కొరడాలా తగిలింది. రమ్మనలేదు. నిజమే. ఇన్నేళ్లుగా ఒకే దేశంలో ఉంటూ, "ఈ పూట ఇక్కడే పడుకో బాపూ" అని ఒక్కసారీ అనలేదు. తండ్రి మీద ప్రేమ లేక కాదు, ఆ మాట తోచనే లేదు. చిన్నప్పుడు చాక్లెట్ల సూట్‌కేసుతో వచ్చే ఆ మనిషిని చూసి తలుపు చాటున దాక్కునేవాడు. బెరుకు పోయి ఒళ్లో కూర్చునే వేళకి ఆయన ప్రయాణం రోజు వచ్చేది. బాపు అంటే వచ్చి పోయేవాడు. అంతే తెలుసు. తనకీ ఉన్నది చుట్టీ బాపే. గజేందర్ కళ్లలో నీళ్లు తిరిగాయి, కంచం పక్కకి జరిపి మొహం తిప్పుకున్నాడు.

ప్రమీల మాత్రం ఊరుకోలేదు. ఆమెకీ కోపమే వచ్చింది, కళ్లు తుడుచుకుంటూనే అత్త మీద విరుచుకుపడింది.

"ఇన్ని దినాలు నోట్లె బెల్లం పెట్టుకున్నవా అత్తమ్మా? ఆ గిన్నెలతోని కొట్లాడుడెందుకు? నాతోని కొట్లాడితె ఎప్పుడో ఒడిసిపోతుండె గద!"

"సిగ్గు గాదె!" గంగాబాయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఈ వయసుల మొగడు కావాలని కోడలికి ఎట్ల చెప్పుకోవాలె?"

ఏడుస్తున్న ప్రమీలకి నవ్వొచ్చింది. నవ్వుతూ మళ్లీ ఏడ్చింది. తరువాత పెద్ద గొంతుతో ఆర్డర్లు మొదలుపెట్టింది. "గంగోత్రీ, నీ పుస్తకాలు హాల్లకు తే. ఆ రూం ఇగ నానమ్మ తాతలది. మామా, నువ్వు క్యాంపుకు పోయి బట్టలు తెచ్చుకో. ఇగో, నువ్వేం చూస్తున్నవ్? టికెట్ మళ్ల జనవరికి మార్చు. మంచు ట్రిప్పు క్యాన్సల్."

"ఎందుకు క్యాన్సలు?" గంగాబాయి కొంగు దించి గద్దించింది. "నీ సరదా నాకేం అడ్డం? నువ్వు గూడ మనిషివే గద. మీరు పోండ్రి, నేను ఇల్లు సూస్కుంట. పోయేటప్పుడు గ్యాసు మాత్రం బందు పెట్టకుండ్రి. మేమిద్దరం ఉంటం."

రాజేశం మొహంలో సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి. "క్యాంపు బాసుకు ఒక్కమాట చెప్తె ఖలాస్," అన్నాడు. "ఇక్రాముద్దీన్ బండి దినాం ఇక్కడికెల్లే పోతది."

శనివారం రాత్రి రాజేశం క్యాంపు నుంచి బట్టల సంచితో వచ్చేశాడు. ఆదివారం, తూర్పు తెల్లబారక ముందే వంటింట్లో లైటు వెలిగింది. జొన్నరొట్టెల వాసనకి గజేందర్ లేచి వచ్చాడు. గంగాబాయి స్టీలు డబ్బాలో రొట్టెలూ వంకాయ కూరా సర్ది, మూత పెట్టి, దాన్ని మళ్లీ ఒక పాత తువ్వాలులో మూట కడుతోంది. మూత గట్టిగానే ఉంది. కానీ సద్ది అంటే మూట కట్టాల్సిందే.

రాజేశం గదిలోంచి వచ్చాడు. నీలం ప్యాంటూ చొక్కా, పైన నారింజ రంగు జాకెట్టు, కాళ్లకి బరువైన బూట్లు. గంగాబాయి పై నుంచి కింది దాకా చూసింది. చొక్కా గుండీ ఒకటి వేలాడుతుంటే పట్టుకుని కసురుకుంది.

"గిట్లనే పోతున్నవా ఇన్నేండ్లు? సాయంత్రం ఇప్పియ్యి, కుడత."

గజేందర్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. తండ్రి పనికి పోవడం చూడటం అతనికీ అదే మొదటిసారి.

"నానమ్మా, మంచు!" బాల్కనీలోంచి గంగోత్రి అరిచింది. రాత్రికి రాత్రి పొగమంచు దిగి వీధి మొత్తం తెల్లగా కప్పేసింది. ఎదురు బిల్డింగు కూడా కనబడటం లేదు.

"చెప్పలే? ఈడనే ఉన్నది," అంది గంగాబాయి గర్వంగా, ఆ మంచుని కూడా తనే తెప్పించినట్టు.

కింద హారన్ మోగింది. గంగాబాయి మూట చేతికిచ్చి లిఫ్టు దాకా వెంట పోయింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే, ప్రతి చుట్టీ చివర బస్టాండులో అడిగే మాటే అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"మళ్ల ఎప్పుడస్తవ్?"

అన్నాక ఆమే నాలుక కరుచుకుంది. ఆ ప్రశ్నకి ఎప్పుడూ ఒకటే జవాబు, రెండేండ్లకు. రాజేశం మూటని రెండు చేతులతో గుండెకి పట్టుకుని ఆమె వైపు చూశాడు. 

"పొద్దుమీకంగనే అస్తనే."

లిఫ్టు కిందికి పోయింది. గంగాబాయి కళ్లు తుడుచుకుని ఇంట్లోకి వచ్చి, గుమ్మంలో నిలబడ్డ ప్రమీలని చూసింది.

"కోడలా, సాయంత్రం మీ మామ అస్తడు. ఏం వండుదాం?"