ఆడపిల్లకు చెప్పని సంగతి

పద్మావతమ్మ పొద్దుటి టిఫినుకు నానిన బొరుగులతో ఉగ్గాణి కలుపుతుండగా ఫోన్ మోగింది. అనంతపురం పాతూరులో పైన ఇల్లు, కింద ఆమె భర్త వీరభద్రయ్య ఇనుప సామాను అంగడి. ఆయన పళ్లెం ముందు కూర్చున్నాడు. అంగడి తెరవడానికి ఇంకా సమయముంది.

ఫోన్ చేసింది అల్లుడు తిప్పేష్. కూతురు ఐశ్వర్య తనతో కాలేజీలో చదివిన ఈ గార్లదిన్నె కురుబల అబ్బాయిని ఇష్టపడి పెళ్లి చేసుకుంది. వైశ్యుల ఇంట్లో అదొక పిడుగు. ఆనాటి నుంచి ఆమె పేరు ఎవరూ ఎత్తకూడదని వీరభద్రయ్య కట్టడి చేశాడు. మనవరాలు పుట్టినా చూడ్డానికి వెళ్లలేదు.

నాలుగు రోజులుగా ఐశ్వర్యకు కడుపునొప్పి అని తిప్పేష్ చెప్పాడు. ఊళ్లో డాక్టరు ముందు గ్యాస్ అన్నాడట, తర్వాత ఆడవాళ్లకు నెలనెలా ఉండేదేనన్నాడట. పొద్దున ఆమె తల తిరిగి పడిపోతే టౌనుకు తెచ్చారు. అపెండిక్స్ పగిలేలా ఉందని, ఇప్పుడే ఆపరేషన్ అని సాయినగర్ నర్సింగ్ హోమ్‌లో చెప్పారట.

"మీకు చెప్పకుండా ఉండలేకపోయినా అత్తా," అన్నాడు. రూపాయి బిళ్ల వేసి మాట్లాడే ఫోను. సమయం అయిపోయి లైను తెగిపోయింది.

వీరభద్రయ్య అంతా విన్నాడు. ఆపరేషన్ పెద్ద విషయమేమీ కాదని, వాళ్ల మనిషిని వాళ్లు చూసుకుంటారని చెప్పి, తినడం మొదలుపెట్టాడు.

పద్మావతమ్మ గడప దగ్గరే నిలబడింది. "ఐశ్వర్యకు ఎప్పుడన్నా చెప్పినారా మీరు?"

"ఏం?"

"బళ్లారి డాక్టరు చెప్పింది."

ఆయన చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది.

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు బళ్లారిలో ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయింది. మత్తుతోపాటు కండరాలు సడలడానికి ఒక సూది వేశారు. అది నిమిషాల్లో దిగిపోవాలి. దిగలేదు. ఆపరేషన్ ముగిసినా ఆయనకు ఊపిరి రాలేదు. పొద్దుగూకేదాకా డాక్టర్లు వంతులవారీగా గాలి తిత్తి నొక్కుతూ బతికించారు. ఆ మందును విరగ్గొట్టే శక్తి కొందరి నెత్తురులో పుట్టుకతోనే ఉండదనీ, వైశ్యుల్లో అది ఎక్కువనీ, పిల్లలకూ ఉండవచ్చనీ, తప్పకుండా చెప్పాలనీ పెద్ద డాక్టరు మరీమరీ చెప్పాడు.

"భరత్‌కు చెప్పినా కదా," అన్నాడు వీరభద్రయ్య. కొడుకు భరత్‌కుమార్ ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు.

"నేనడిగింది ఐశ్వర్య సంగతి."

ఆయన పళ్లెం పక్కకు నెట్టాడు. "ఆడపిల్ల. మత్తిస్తే లేవదంట అని ఊరంతా పాకితే ఎవరు చేసుకుంటారు అనుకున్నా."

"మీరు అనుకున్నారు, నేను నోరు మూసుకున్నా. మగపిల్లోనిది ఒక్కటే ప్రాణమా? ఇప్పుడు నేను పోయి చెప్తే, ఎవురో ఆడమనిషి ఏదో వాగుతాందని లోపలికి పోతారు. జరిగింది మీ ఒంటికి. మీరే చెప్పాల."

వీరభద్రయ్య పళ్లెంలోనే చెయ్యి కడిగేసుకొని లేచాడు.

మూసిన రైల్వే గేటు దగ్గర స్కూటరు ఆపాల్సి వచ్చింది. గూడ్సు బండి వస్తూ కనబడుతోంది. జీవితంలో ఎన్నడూ తొందరపడని ఆ మనిషి స్కూటరును అక్కడే వదిలేసి, వంగి గేటు కింద దూరాడు. పద్మావతమ్మ చీర ఎగదోపి ఆయన వెంటే దాటింది. అవతల ఆటో దొరికింది.

ఆపరేషన్ థియేటర్ ముందు తిప్పేష్, చంకలో పాపతో అతని తల్లి తిమ్మమ్మ నిలబడి ఉన్నారు. తలుపు దగ్గర ఆయా అడ్డుపడింది. లోపల మత్తు ఇస్తున్నారని, ఎవరూ పోకూడదని చెప్పింది.

"పేషెంటుకు ఏమౌతారు మీరు?"

"తండ్రిని," అన్నాడు వీరభద్రయ్య. "లోపలుండేది నా బిడ్డ. కండరాలు సడలే సూది వేయొద్దని చెప్పు పోమ్మా. నాకు అదే సూదితో ఊపిరి ఆగింది."

ఆయా లోపలికి పరుగెత్తింది. మత్తు డాక్టరు జయంతి మాస్కు కిందికి లాక్కుంటూ వచ్చింది. సూది మందు సిరంజిలోకి ఎక్కించి సిద్ధంగా ఉంది, ఇంకా వేయలేదు. ఆయన చెప్పిందంతా నిలబడి విన్నది.

"మీ కులమేమని భర్తను అడిగినా. కురుబలమన్నాడు. ఇంక భయం లేదనుకున్నా."

తిప్పేష్ ఒక అడుగు ముందుకు వచ్చాడు. "పెళ్లయినాక ఆమెదీ మా కులమే కదా అనుకున్నా మేడమ్."

"నువ్వు అనుకోవచ్చు. నేను అనుకోకూడదు. ఆమె తెలివిలోనే ఉండాది. నీ పుట్టిల్లు ఏదమ్మా అని ఆమెనే అడగాల్సింది," అంది జయంతి. ఆ సూది మానేసి వేరే మందు వాడతానని చెప్పి లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత చేయగలిగిందేమీ లేదు. వీరభద్రయ్య, తిప్పేష్ ఒకే బెంచీకి చెరో చివర కూర్చున్నారు. మధ్యలో చోటు ఖాళీగా ఉంటే తిమ్మమ్మ వచ్చి పాపతో సహా అక్కడే కూలబడింది. గ్యాసే అనుకొని కోడలికి సోడా తాగించినానని, పాపిష్టిదాన్నని తనలో తాను గొణుక్కుంటూ ఉంది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఊపిరి తనంతట తానే వచ్చింది. ఐశ్వర్యకూ పాపకూ తర్వాత నెత్తురు పరీక్ష చేయించమని జయంతి చెప్పింది.

సాయంత్రం ఐశ్వర్య పూర్తిగా కళ్లు తెరిచేసరికి మంచం అంచున తండ్రి కూర్చొని ఉన్నాడు. ఆమె ఇంకా మగతలో ఉండగానే తల్లి అంతా చెప్పేసింది.

"నాకెందుకు చెప్పలేదు నాయనా?"

"సంబంధాలు రావని భయపడినానమ్మా."

ఐశ్వర్యకు నవ్వు వచ్చింది. కుట్లు లాగి ముఖం ముడుచుకుంది. "సంబంధం నేనే వెతుక్కుంటి కదా. చెప్పింటే పోయేది."

వీరభద్రయ్య నవ్వబోయాడు. చేతకాలేదు. కండువాతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. తిమ్మమ్మ కాసేపు చూసి, నిద్రపోతున్న పాపను తెచ్చి ఆయన ఒడిలో పెట్టింది.

"ఎత్తుకో శెట్టీ. పొద్దున్నుంచి ఎవురూ ఏమీ తినలా. నేను పోయి కాఫీ తెస్తా."

ఆయన కండువా తీసి పాప ముఖం మీద ముసిరిన ఈగను తోలాడు. తర్వాత తలెత్తి, "తిప్పేషా, అట్ల నిలబడినావేమప్పా," అంటూ మంచం అంచున చోటిచ్చాడు. "ఇట్లా వచ్చి కూర్చో."