నాలుగో రాయి దగ్గర దొంగ సిగ్నల్

ఉదయం తొమ్మిదీ పది. కొండ మీది సైకిల్ షాపు ముందు సర్వేయరు వంగి తన సైకిల్ టైరుకి గాలి కొడుతున్నాడు. పంపు మూడుసార్లు నొక్కాడు. నాలుగోసారి నొక్కలేదు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. రోడ్డు మీద పోతున్న మోటార్‌సైకిల్ ఒకటి క్షణం నెమ్మదించి మళ్ళీ వేగం అందుకుంది, అంతే. లోపల చక్రం వంకర తీస్తున్న మెకానిక్ తలెత్తేసరికి సర్వేయరు వీపులో తూటా దెబ్బతో, పంపుని కావలించుకుని గుమ్మం ముందు పడి ఉన్నాడు.

ఆ మెకానిక్ నిజానికి మెకానిక్ కాడు. తొమ్మిది రోజులుగా గోళ్ళ నిండా గ్రీజుతో అక్కడ మకాం వేసిన సీక్రెట్ ఏజెంట్. డిపార్ట్‌మెంటులో అందరూ అతన్ని చువ్వ అంటారు. సన్నగా, నిటారుగా, ఓ పట్టాన వంగని రకం. నలభై నాలుగేళ్ళు. వాన రాబోతోందని అతని ఎడమ మోకాలు రెండు రోజుల ముందే చెబుతుంది.

అయిదు నిమిషాల కిందట సర్వేయరు లోపలికి తొంగిచూసి, "వెనక టైరులో గాలి నిలవట్లేదు" అన్నాడు. అది కోడ్. "ముల్లు దిగిందా, ట్యూబు పోయిందా?" అన్నాడు చువ్వ. అదీ కోడే. "రెండూను" అన్నాడు సర్వేయరు. అంటే డిపార్ట్‌మెంటు తరఫున ఇద్దరూ వెతుకుతున్న ముఠా గుట్టు దొరికిందని. షాపులో ఉన్న బేరగాడు కదిలేదాకా ఆగుదామని బయటికెళ్ళి గాలి కొట్టడం మొదలుపెట్టాడు. ఆ జాగ్రత్తే ఆయన ప్రాణం తీసింది.

చువ్వ ఆయన తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

"నాలుగో రాయి," అన్నాడు సర్వేయరు. "పది నలభై ఐదు."

ఇంకేదో చెప్పబోతూనే తల వాల్చేశాడు.

చువ్వ హెల్మెట్ తగిలించుకుని, దాని పట్టీకున్న బొత్తాం నొక్కాడు. అదే అతని వైర్‌లెస్. అవతల అతని చీఫ్, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి.

"సార్, సర్వేయరు పోయాడు. నాలుగో రాయి, పది నలభై ఐదు అన్నాడు."

అవతల కుర్చీ కిర్రుమంది.

"పది నలభై ఐదుకి ప్రయాణికుల ఓడ రేవు మలుపు తిరుగుతుంది. ఆరొందల పన్నెండు మంది. పొద్దున ఎనిమిది నుంచి దాని వైర్‌లెస్ పలకట్లేదు. లోపలివాడెవడో చెడగొట్టాడు."

"ఎదురెళ్ళి ఆపలేరా?"

"ఈ పొగమంచులో హెలికాప్టర్ లేవదు. పడవలు పంపించాం, వాటికే దారి తెలియట్లేదు. మాట్లాడే వైర్‌లెస్సే పోయింది, దారి చూపే రిసీవరు వేరు. కెప్టెన్ దాంట్లో మన దీపస్తంభం రేడియో సిగ్నల్ నమ్ముకుని వస్తాడు. ముఠా అంతకన్నా గట్టి దొంగ సిగ్నల్ వదిలితే రేవు అనుకుని తిన్నగా బండరాళ్ళ మీదికి ఎక్కిస్తాడు. మన రేవు మూతపడితే వాళ్ళ రేవు కళకళలాడుతుంది. లెక్క అదే."

"తీరం రోడ్డు?"

"రాత్రి కొండచరియ పడింది. ఉన్నదల్లా నీ సైకిల్ దారి."

కొండ మీంచి తీరం దాకా ముప్పై కిలోమీటర్ల సైకిల్ దారి అది. పొడవునా పన్నెండు పాత సర్వే రాళ్ళు ఉన్నాయి. వాటి మీది అంకెలు వానలకి ఎప్పుడో చెరిగిపోయాయి. చువ్వ గోడకున్న టూరిస్టు మ్యాపు చూశాడు. నాలుగో రాయి, పదకొండో కిలోమీటరు, కొండ అంచున. చేతికందిన మౌంటెన్ బైక్ లాగాడు. ల్యాబువాళ్ళు ఇచ్చిన చిన్న పంపు ఫ్రేముకి తగిలించాడు. దాంట్లో గాలి ఉండదు, ఒకే ఒక్క తూటా ఉంటుంది.

"ఇంకో మాట," అంది హెల్మెట్. "కోకిల ఆ దారిలోనే ఉందని కబురు. కనిపిస్తే మాటలు పెట్టుకోకు. కాల్చెయ్."

కోకిల అన్నది ఫైల్లో పేరు. గుడ్డు ఏ గూట్లో పెడుతుందో ఎవరికీ తెలియదని పెట్టారు. ఒకప్పుడు సైకిల్ రేసుల్లో పతకాలు కొట్టి పత్రికల అట్టల మీద మెరిసిన మనిషి. ఇక్కడా పనిచేస్తుంది, అక్కడా పనిచేస్తుంది. ఇంట్లో మాత్రం ఆమె అతనికి వదిన. మూడేళ్ళ కిందట ఇదే దారిలో శత్రువుల చేతికి చిక్కి చనిపోయిన అన్నకి భార్య.

మొదటి ఎనిమిది కిలోమీటర్లు ఎక్కుడే. తడిసిన రాళ్ళ మీద వెనక చక్రం జారుతోంది. ఎర్రటి పొదల మధ్య దారి జానెడు మిగిలింది. ఎడమ పక్క సముద్రం ఉందని హోరు చెబుతోంది గాని కంటికి తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. మామూలు రోజుల్లో జనం ఈ మలుపులో ఆగి ఫొటోలు తీసుకుంటారు. చువ్వ ఆగితే మళ్ళీ లేవలేడు. ఏడో కిలోమీటరు దగ్గర వాగు దాటుతూ పడ్డాడు. నుదురు చిట్లి హెల్మెట్ లోపలంతా నెత్తురైంది. లేచి తొక్కాడు. మోకాలు వద్దంటున్నా తొక్కాడు.

తొమ్మిదీ యాభై నాలుగుకి నాలుగో రాయి చేరాడు.

రాయి ఉంది. పక్కన కప్పు ఎగిరిపోయిన గొర్రెల పాక ఉంది. పాకలో చిత్తడి తప్ప ఏమీ లేదు. చువ్వ గోడలు తడిమాడు, రాళ్ళు దొర్లించాడు, వేళ్ళతో మట్టి తవ్వాడు. ఎక్కడా ఒక వైరు ముక్క లేదు. ఆరొందల పన్నెండు మంది అనుకున్నాడు.

"అక్కడేం లేదు, మరిదీ."

ఎర్రటి బైకు మీద ఒక కాలు నేలకి ఆనించి నిలబడి ఉంది వదిన. అంత బురదలోనూ పెదవుల రంగు చెదరలేదు. చువ్వ పంపు తీసి ఆమె గుండెకి గురిపెట్టాడు.

"మాటలొద్దు," అంది హెల్మెట్. "కాల్చు."

"టూరిస్టుల కోసం కొండ మీంచి లెక్కపెట్టారు," అంది ఆమె తొణక్కుండా. "సర్వేయరు ఓడవాళ్ళింట పుట్టినవాడు. ఆయన ఎప్పుడూ సముద్రం వైపు నుంచే లెక్కపెట్టేవాడు. ఆయన నాలుగోది మనకి తొమ్మిదోది. ఇంకా పద్నాలుగు కిలోమీటర్లు."

"మీరు చెప్తే నేను నమ్మాలా?" అన్నాడు చువ్వ. ఒకప్పుడు వదినని నువ్వు అనేవాడు. ఇంట్లో ఆమె వండింది ఎత్తిపొడుస్తూ తినేవాడు. మీరు అనడం ఇదే మొదటిసారి.

ఆమె ముఖం కాస్త చిన్నబోయింది.

"మీ అన్నని నేనే పట్టించానని కదా నీ అనుమానం. పట్టించింది నేను కాదు. కానీ పట్టించబోతున్నారని నాకు తెలిసింది. ఆ కబురు చెప్తే నేను బయటపడిపోతానని భయపడ్డాను. పదకొండు నిమిషాలు ఆలోచించాను. చెప్పేసరికి ఆయన బయల్దేరిపోయాడు." గొంతు సవరించుకుంది. "కాలుస్తావో, తొక్కుతావో తేల్చు. మళ్ళీ పదకొండు నిమిషాలు నాకొద్దు."

తప్పించుకోవాలనుకునేవాళ్ళు అబద్ధమైనా తమకి పనికొచ్చేదే చెబుతారు. ఈమె తన మెడకి తనే ఉరి బిగించుకుంటోంది. అన్న ఆ దారంట ఒంటరిగా వెళ్తున్నట్టు కళ్ళ ముందు కనిపించింది. ద్వేషించడానికి కూడా టైము లేదు.

పంపు ఫ్రేముకి తగిలించి సైకిలెక్కాడు.

"ఏం చేస్తున్నావురా?" అంది హెల్మెట్.

"తొక్కుతున్నాను సార్."

దిగుడు దారి ఎక్కుడుకన్నా ఘోరం. సముద్రం మీద వేలాడే సన్నటి గట్టు, మలుపు మలుపుకీ గుండ్రాళ్ళు. వదిన ముందు పోతూ "కుడి", "బురద", "ఎగురు" అని ఒక్కో మాట అరుస్తోంది. ఆ గొంతు పట్టుకుని పొగమంచులో చువ్వ గుడ్డిగా వెంటపడ్డాడు. బ్రేకులు కాలిన వాసన. మూడుసార్లు చక్రం అంచు దాటింది, మూడుసార్లూ ఎలాగో తిరిగొచ్చింది.

పది ముప్పై ఆరుకి ఎనిమిదో రాయి దాటి ఆమె ఆగింది.

"తొమ్మిదో రాయి దగ్గర ఇద్దరున్నారు. ఒకడు తుపాకీ, ఒకడు ఆపరేటరు. నన్ను తమ మనిషే అనుకుంటున్నారు. నీ హెల్మెట్ ఇవ్వు. నిన్ను చంపేశానని చూపిస్తాను. నువ్వు పై గట్టు మీంచి రా."

నెత్తురు మరకల హెల్మెట్ తీసిచ్చాడు. పెద్దాయన గొంతు దాంతోపాటే పొగమంచులో కలిసిపోయింది.

పై గట్టు నుంచి చూస్తే కింద రాయి పక్కన ఇనప పెట్టె, దాని వెనక సరిగ్గా అంచున రెండు నిలువుల ఏంటెన్నా కనిపించాయి. వదిన హెల్మెట్ విసిరింది. పొడుగు కోటువాడు వంగి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే హెల్మెట్ లోంచి పెద్దాయన "ఎక్కడ చచ్చావురా" అన్నాడు.

కోటువాడు కాల్చాడు. వదిన భుజం పట్టుకుని కూలింది. రెండోసారి గురిపెట్టేలోపు చువ్వ పంపు పేలింది. కోటువాడు వెల్లకిలా పడి మళ్ళీ లేవలేదు. ఆపరేటరు పెట్టె తాళంచెవి సముద్రంలోకి గిరాటేసి చేతులెత్తాడు.

"ఇంక దాన్నెవరూ ఆపలేరు," అన్నాడు.

పది నలభై మూడు. ఓడ కూత దగ్గర్లోంచి వినిపించింది, ఉండకూడనంత దగ్గర్లోంచి. చువ్వ దగ్గర తూటా లేదు, తాళంచెవి లేదు. కింద వాలు ఉంది, కాళ్ళ మధ్య సైకిలుంది.

బ్రేకుల మీంచి వేళ్ళు తీసేసి వదిలాడు. రాయి పక్క మిట్ట మీంచి సైకిల్ గాల్లోకి లేచింది. ఏంటెన్నాకి గుద్దుకునే క్షణాన పిడి వదిలి పక్కకి దొర్లాడు. ఏంటెన్నా విరిగి సైకిల్‌తో సహా అంచు దాటింది. చువ్వ కూడా నడుం దాకా దాటాడు. నేలలో దిగ్గొట్టిన ఇనప మేకొకటి చేతికి దొరికింది. దాన్ని పట్టుకుని వేలాడుతూ కిందికి చూశాడు.

పొగమంచులోంచి ఓడ ముక్కు గోడలా వచ్చింది. తిన్నగా బండల మీదికి. అలాగే వచ్చింది, ఇంకా వచ్చింది. చువ్వ కళ్ళు మూసుకోలేకపోయాడు. అప్పుడు ఇంజిన్ల హోరు మారింది. అసలు సిగ్నల్ అందుకున్న ఓడ అయిష్టంగా, బరువుగా పక్కకి తిరిగింది. డెక్కు రెయిలింగ్ దగ్గర ఒకావిడ పిల్లవాడి ముక్కు తుడుస్తూ కనిపించింది. తలెత్తి చూడనైనా లేదు.

పైకి పాకి, ఆపరేటరుని వాడి బెల్టుతోనే కట్టేసి, చువ్వ వదిన దగ్గర కూలబడ్డాడు. చొక్కా చింపి భుజానికి కట్టు కట్టాడు. పక్కన హెల్మెట్ ఇంకా తిడుతూనే ఉంది.

"ఓడ క్షేమం సార్. అంబులెన్స్ పడవ పంపండి."

"కోకిల ఉందా అక్కడ? సంకెళ్ళు వెయ్యి."

"ముందు కుట్లు వెయ్యనివ్వండి సార్. తర్వాత సంకెళ్ళు."

వదిన కళ్ళు తెరిచింది. "వేస్తారు, మరిదీ. వెయ్యనీ."

"నేనూ వస్తాలే నీతో," అన్నాడు చువ్వ. "ఆ పదకొండు నిమిషాల సంగతి అమ్మకి నువ్వే చెప్పుకోవాలి. మిగతాది నేను చెప్తాను."

నువ్వు అన్న మాట విని ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది.

తీరం వైపు నుంచి ఇద్దరు నడివయసు భార్యాభర్తలు సైకిళ్ళు నెట్టుకుంటూ రొప్పుతూ వచ్చారు. కట్టేసి ఉన్న మనిషినీ, నెత్తురోడుతున్న ఇద్దరినీ చూసి ఆయన సైకిల్ వదిలేశాడు. ఆవిడే చేతిలోని పుస్తకం చూసుకుంటూ మొహమాటంగా అడిగింది.

"ఏమండీ, ఈ దారిలో కుటుంబ సమేతంగా వెళ్ళొచ్చని రాశారు. నిజమేనా?"

చువ్వ వదిన వంక చూశాడు.

"నిజమేనండీ," అన్నాడు. "మేమూ కుటుంబ సమేతంగానే వచ్చాం."