ఫ్లాస్కులో సాక్ష్యం

ఏజెంట్ పిచ్చుక మూడో అంతస్తు ఎక్కేసరికి చీఫ్ బ్రీఫింగ్ సగం అయిపోయింది. ఆమె గుమ్మం పట్టుకుని ఆయాసపడుతుంటే, ఆయన గోడ గడియారం వైపు చూసి ఫైల్లో పేజీ తిప్పాడు. తిట్టినా బాగుండేది అనుకుంది పిచ్చుక. ఆర్నెల్లుగా ఆమెకి ఫీల్డ్ డ్యూటీ లేదు. ఒంట్లో రక్తం చాలదని మెడికల్ రిపోర్ట్. ఐరన్ మాత్రలు మింగుతూనే ఉంది. రిపోర్ట్ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

"సాక్షిని రేపు కోర్టుకి చేరేదాకా ప్రాణాలతో ఉంచాలి," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠాకి డ్రైవరుగా చేశాడు. ముఠా నాయకుడి మొహం చూసి, సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నది ఇతనొక్కడే. మన మిగతా ఏజెంట్లని ముఠా గుర్తుపడుతుంది. నిన్ను గుర్తుపట్టదు."

"ఎలా గుర్తుపడుతుంది సర్? ఆర్నెల్లుగా నన్ను ఈ బిల్డింగ్ దాటనివ్వలేదుగా!"

"అందుకే నువ్వు. ఇది చెడితే ఇక శాశ్వతంగా ఫైల్ రూమే."

పక్క కుర్చీలో ఏజెన్సీ డాక్టరు గొంతు సవరించుకుంది. ఆవిడ పిచ్చుకకి సొంత మేనత్త. ఆ చుట్టరికం ఆఫీసులో అందరికీ తెలుసు. ఆవిడ గొంతు దేన్నీ దాచనివ్వదు.

"ఆ డ్రైవరుకి ఒక జబ్బుంది, విను. నీ ఒంట్లో ఇనుము నిలవదు. అతని ఒంట్లోంచి ఇనుము కదలదు. తిన్నదాంట్లోంచి పీల్చి పీల్చి గుండెలో, కాలేయంలో పోగేస్తుంది. బయటినుంచి ఎవరైనా ఒకేసారి బాగా ఎక్కించారంటే ఆ గుండె తట్టుకోదు. పోయినా పాత జబ్బుతోనే పోయాడంటారు. అందుకే ప్రతి భోజనంతోనూ చిక్కటి టీ తాగమన్నాను."

పిచ్చుక తలాడిస్తూ తన మాత్రని రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క నోట్లో వేసుకుని, పాలు కలపని టీ ఒక గుక్క తాగింది. రెండో ముక్క వేళ్ల సందునుంచి జారి కప్పులో పడింది. చెంచాతో దాన్ని వెతుకుతుంటే టీ మెల్లగా నల్లబడి సిరాలా అయింది.

"ఆగు," అంది డాక్టరు. "మాత్రలు రోజూ టీతోనే మింగుతున్నావా?"

"నీళ్లతో అయితే వికారం, అత్తా."

"నీ మొహం మండ! టీ ఆకులో వగరు ఉంటుంది చూడు, పాలీఫినాల్స్ అంటారు. అవి ఇనుమును పట్టుకున్నాయంటే వదలవు. ఈ నలుపు అదే. నీ కడుపులో జరిగేదీ ఇదే. మాత్రలోని ఇనుము రక్తానికి చేరకుండా బయటికి పోతోంది. అతన్ని కాపాడే టీ నిన్ను దోచుకుంటోందే, పిచ్చిమొహమా! ఈ క్షణం నుంచి నీకు టీ బంద్."

చీఫ్ నుదురు రుద్దుకున్నాడు. "ఊరందరి గుట్టూ లాగే ఆఫీసు. మన ఏజెంటు మాత్ర ఎలా మింగుతోందో ఆర్నెల్లు మనకే తెలీలేదు."

తర్వాత ఒక పెన్ను ఇచ్చాడు. లేటెస్ట్ గాడ్జెట్. పానీయంలో ముంచితే విషానికి ఎర్ర లైటు, లేకపోతే ఆకుపచ్చ లైటు.

సేఫ్ హౌస్ ఒక లాండ్రీ పైన ఉంది. ఇస్త్రీ ఆవిరి కిటికీలోంచి లోపలికి వస్తోంది. పిచ్చుక పనిమనిషి వేషంలో చేరింది. మెట్లు నిటారుగా ఉన్నాయి. ఎక్కినప్పుడల్లా కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి. ఆ విసుగుతో, ఎవరు లోపలికి వచ్చినా కింద తలుపుకి తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకుంటోంది. అత్త కళ్లుగప్పి ఒక ఫ్లాస్కు నిండా టీ కూడా తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున బెల్ మోగింది. దిగింది.

"గొడుగు తెచ్చారా?" అంది పిచ్చుక.

"వాన మీరు తెస్తారనుకున్నాను," అంది బయట నిలబడ్డ మనిషి.

కోడ్ సరిపోయింది. వచ్చింది నెమలి. రెండేళ్లుగా ముఠాలో ఏజెన్సీ మనిషిగా ఉన్న డబుల్ ఏజెంట్. సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు. సెంటు వాసన ఆవిడకంటే ముందే మెట్లెక్కేసింది. పిచ్చుక అలవాటుగా తాళం వేసి, ఒక్కో మెట్టునీ తిట్టుకుంటూ వెనకాల ఎక్కింది.

డ్రైవరు టిఫిను ముందు కూర్చున్నాడు. "అమ్మాయ్, నా టీ ఏదీ?"

"ఇవాళ టీ వద్దు," అంది నెమలి. "కోర్టులో మాటిమాటికీ బాత్‌రూంకి లేవలేరు. గ్లూకోజు నీళ్లు తాగండి, ఓపిక వస్తుంది." హ్యాండ్‌బ్యాగులోంచి సీసా తీసి గ్లాసు నింపింది.

"టీ లేకపోతే నా బండి స్టార్టవదు తల్లీ."

"ఈ ఒక్క రోజుకి తోసుకు నడపండి."

ఆయన నవ్వాడు. పిచ్చుక పెన్ను ముంచింది. ఆకుపచ్చ. మళ్లీ ముంచింది. ఆకుపచ్చే.

"తృప్తేనా?" అంది నెమలి. "పాపం, డెస్క్ పనిలో ఉండి ఉండి అందర్నీ అనుమానిస్తున్నావు."

పిచ్చుకకి ఒళ్లు మండింది. పెన్ను మీద, మెట్ల మీద, తన మీద తనకే కోపం. డ్రైవరు గ్లాసు ఎత్తాడు. టీ మాన్పించమని అత్త అనలేదే? ప్రతి భోజనంతోనూ తాగమంది. మరి ఈవిడ ఎవరు మాన్పించడానికి? పెన్నుకి విషాలు తెలుసు. ఇనుము విషమని దానికెవరు చెప్పారు?

గ్లాసు పెదాలకి తగిలింది. పిచ్చుక లాగేసుకుంది. సగం నీళ్లు బల్ల మీద ఒలికాయి. మిగిలిన సగంలో ఫ్లాస్కు వంచింది.

గ్లాసు నల్లబడింది. నిన్న కప్పులో చూసిన సిరా నలుపు.

"మాత్రలు ఎన్ని నూరి పోశారు మేడం?"

నెమలి నవ్వు ఆరిపోయింది. చెయ్యి బ్యాగులోకి వెళ్లింది. డ్రైవరు కూర్చున్న చోటునుంచే బల్లని ఒక్క తోపు తోశాడు. బల్ల అంచు తగిలి బ్యాగు ఎగిరిపడింది, పిస్తోలు పిచ్చుక కాళ్ల దగ్గరికి జారింది. నెమలి వెనక్కి తిరిగి మెట్ల మీదుగా పరుగెత్తింది.

"పట్టుకో అమ్మాయ్!"

"నా వల్ల కాదు బాబాయ్." పిచ్చుక పిస్తోలు తీసుకుని తీరిగ్గా పై మెట్టు మీద కూర్చుంది. కింద తలుపు దడదడలాడుతోంది. "తాళం వేసే ఉంది మేడం. మాటిమాటికీ దిగే ఓపిక లేక."

ఆ పూట డ్రైవరు పిచ్చుక ఫ్లాస్కులోంచే ఒక కప్పు టీ తాగి కోర్టుకెళ్లాడు, బోనులో ఉన్న నలుగురిలో ఒకణ్ణి వేలెత్తి చూపించాడు. సాయంత్రం చీఫ్ ఫైల్ రూమ్ ఊసే ఎత్తలేదు. పొగడనూ లేదు. మేనత్త మాత్రం నీళ్లగ్లాసు, మాత్ర పట్టుకుని గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"నిజం చెప్పు. టీ మానేశావా?"

"మానక ఏం చేస్తాను అత్తా? ఫ్లాస్కుని సాక్ష్యం కింద పోలీసులు పట్టుకుపోయారు."