ఐదో కుర్చీ ఎవరికి?

"చనిపోయినవాళ్ళు ఫోన్ చేస్తారాండీ?"

డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చిన ఆవిడ కూర్చోకుండానే అడిగిన మొదటి ప్రశ్న ఇది. మధ్యాహ్నం మూడు గంటలైంది. రేవు వైపు నుంచి వచ్చిన పొగమంచు పొద్దుటి నుంచీ వీధిలోనే తిష్ట వేసింది. ఎదురింటి కిటికీలు కూడా కనిపించడం లేదు. టైపిస్టు పట్టపగలే దీపం వేసుకుని పని చేసుకుంటోంది.

ప్రైవేటు డిటెక్టివ్‌గా పేరు తెచ్చుకున్నా ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు. పదేళ్ళు బడిలో లెక్కలు చెప్పిన పాపం ఊరికే పోతుందా? ఇప్పటికీ జవాబు కంటే ఆ జవాబు ఎలా వచ్చిందన్నదే ఆయనకు కావాలి. టైపిస్టు ఆయన దగ్గర చేరి నాలుగేళ్ళయింది. ఆయనకు కనిపించేది తనకెందుకు కనిపించదా అని రోజుకోసారి ఆశ్చర్యపోతుంది. ఆ మాట ఆయనతో మాత్రం చచ్చినా అనదు.

"చెయ్యరమ్మా," అన్నారు మాస్టారు. "చేసే వీలుంటే మా నాన్న ఈపాటికి నన్ను వెయ్యిసార్లు తిట్టి ఉండేవారు. ముందు కూర్చోండి. ఎవరు చేశారు, ఎవరికి?"

ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. నలభై దాటిన మనిషి, చిన్నపిల్లలా హ్యాండ్‌బ్యాగును రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

"ఆదివారం మా అమ్మకు డెబ్భై నిండుతాయి. ఆ తర్వాత బుధవారం గుండె ఆపరేషన్. ఈలోగా ఆమెకిష్టమైన చేపల భోజనం పెట్టిద్దామని మంచి హోటల్ వెతుకుతున్నాను. మా నాన్నకు వాచీలు, గోడగడియారాలు బాగుచేసే షాపుండేది. ఆయన పోయి ఐదేళ్ళయింది. ఏటా అమ్మ పుట్టినరోజుకు హోటల్ ఆయనే ఎంచేవారు. ఆయన పద్ధతి ఆయనది. మూడు హోటళ్ళకు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగేవారు. 'ఇవాళ మీ దగ్గర ఏది బాగాలేదు?' అని. అన్నీ బాగున్నాయన్న చోటికి ఛస్తే తీసుకెళ్ళేవారు కాదు. 'పీతలు నిన్నటివండీ, వద్దులెండి' అన్నవాడి దగ్గరే టేబుల్ చెప్పేవారు."

"లెక్క తెలిసిన మనిషి," అన్నారు మాస్టారు మెచ్చుకోలుగా.

"నిన్న సాయంత్రం నేనూ అలాగే చేశాను. మొదటి హోటల్‌వాడు నవ్వి, 'పొద్దున ఎవరో పెద్దాయన కూడా ఇదే అడిగారండీ' అన్నాడు. రెండో చోటా అదే మాట. మూడోది రేవు గట్టు మీద ఉంది. నాన్న మమ్మల్ని చివరిసారి తీసుకెళ్ళింది అక్కడికే. ఆ మేనేజరు కొత్తవాడు. వాచీలాయన కూతుర్నని చెప్పాను. 'మీ నాన్నగారు పొద్దున చెప్పేశారు కదమ్మా. ఆదివారం మధ్యాహ్నం, కిటికీ పక్క టేబుల్, వాచీలాయన పేరు మీద' అన్నాడు." ఆవిడ బ్యాగును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఐదు కుర్చీలు వెయ్యమన్నారట. మేం నలుగురమేనండీ. అమ్మ, నేను, అన్నయ్య, వదిన."

టైపిస్టు చేతులు టైపు మిషను మీదే ఆగిపోయాయి.

"ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఏదో చెప్పబోయి ఆగి, గోడ వైపు తిరిగింది. 'అయితే ఆయనే చూసుకుంటార్లే. ఇక ఆపరేషన్ మాట ఎత్తకండి' అంది. ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టనంటోంది. ఇంకా ఆలస్యమైతే చెయ్యిదాటిపోతుందని డాక్టరు చెప్పారు. అసలే మనిషి నీరసించింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రెండు నెలలుగా జలుబూ దగ్గూ వదలడం లేదు. ఆ ఫోన్ ఎవరు చేశారో ఆదివారంలోగా తేలకపోతే మా అమ్మ నాకు దక్కదండీ."

"ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

ఆవిడ తల దించుకుంది. "మా అన్నయ్య బస్టాండులో అనౌన్సరు. నాన్న గొంతు అచ్చుగుద్దినట్టు దింపేస్తాడు. ఆపరేషన్ వద్దని మొదటినుంచీ అంటున్నది తనే. మా ఇంటి తాళంచెవి తన దగ్గరా ఒకటుంది. కానీ అమ్మతో ఇలాంటి వేళాకోళమా? నమ్మబుద్ధి కావడం లేదు."

"మీ అమ్మగారిని చూడాలి," అని ఆవిడకు చెప్పి, "మేం వస్తున్నామని ఒక మాట చెప్పు," అన్నారు మాస్టారు టైపిస్టుతో.

ఆవిడ రాసిచ్చిన కాగితం చూసి టైపిస్టు నంబరు తిప్పింది. రెండు క్షణాలు విని, ఠక్కున పెట్టేసింది.

"రాంగ్ నంబరు, మాస్టారూ. ఎవరో పెద్దాయన తీశారు. దగ్గి, 'ఎవరూ' అన్నారు."

"ఏ నంబరు తిప్పావు?"

ఆమె చదివింది. లైబ్రరీ ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అది మా ఇంటి నంబరే. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది."

*

వాళ్ళు వెళ్ళేసరికి తలుపు తాళం వేసే ఉంది. కూతురు తన దగ్గరున్న తాళంచెవితో తీసింది. ముందుగది గోడల నిండా గడియారాలు, మొత్తం పదకొండు. షాపు మూసేశాక ఇంటికి తెచ్చినవి. ముసలావిడ వాటికి రోజూ కీ ఇస్తుంది. ఏ రెండింటికీ పొత్తు కుదరదు. వీళ్ళు లోపల అడుగు పెట్టగానే ఒకటి నాలుగు కొట్టింది. అది ఆగకుండానే అవతలి గోడ మీది ఇంకొకటి, ఆ తర్వాత వెనకనుంచి మరొకటి. కనిపించని మనిషెవరో గోడ వెంబడి ఒక్కోదాన్నీ తట్టుకుంటూ నడుస్తున్నట్టుంది. టైపిస్టుకు ఒళ్ళు గగుర్పొడిచింది. చెప్పుకోవడానికి సిగ్గేసి మాస్టారు వెనక్కి జరిగింది.

శాలువా కప్పుకున్న ముసలావిడ కిటికీ దగ్గర కుర్చీలో ఒంటరిగా కూర్చుని ఉంది. తెల్లటి చిన్న ముడి, మందపాటి కళ్ళజోడు. ఫోన్ ఆమె మోచేతి పక్కనే ఉంది.

"ఇందాక ఫోన్ మోగిందా అమ్మా?" అడిగారు మాస్టారు.

"మోగింది. పెట్టేశారు." ఒక్కో మాటా బావిలోంచి చేదినట్టు కష్టపడి పైకి తెచ్చింది.

"నిన్న పొద్దున ఇంటికెవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు నాయనా."

"ఆపరేషన్ గురించి డాక్టరుగారు మీతో ఏమన్నారు?"

ఆమె మొహం చిన్నబోయింది. "అంతా బాగానే ఉంటుందన్నాడు. అన్నీ బాగుంటాయన్నాడు. రెండు నిమిషాలు కూడా కూర్చోలేదు."

మాస్టారు ఇంకేమీ అడగలేదు. బయటికొచ్చాక టైపిస్టు ఉండబట్టలేక, "ఫోన్ తీసిన పెద్దాయన ఏమైనట్టు మాస్టారూ? తలుపు తాళం వేసే ఉంది కదా," అంది.

"అదే మంచి ప్రశ్న. దాన్ని అలాగే పట్టుకో, వదలకు," అన్నారాయన.

రేవు గట్టు హోటల్లో మేనేజరు గాజుపెట్టెలో ఐసు మీద చేపలు సర్దుతూ మాట్లాడాడు.

"ఇవాళ ఏది బాగాలేదని అడిగారండీ. రొయ్యలు చిన్నవొచ్చాయని చెప్పాను. 'అయితే మీ దగ్గరికే వస్తాం' అన్నారు. పేరెవరిదంటే కాసేపు ఆగి, వాచీలాయన పేరు మీద రాసుకోమన్నారు. మెట్లెన్నని అడిగారు. మాటమాటకీ ఆయాసం. ఇంతలో వెనకాల గడియారాలు కొట్టడం మొదలెట్టాయి. ఒకటా రెండా? ఒకదాని తర్వాత ఒకటి, ఎంతకీ ఆగవే. ఆ పెద్దాయన పోయాడని మీరిప్పుడు చెబుతుంటే నాకు చెమటలు పడుతున్నాయి."

"ఎన్ని గంటలు కొట్టాయి?"

"పదకొండు."

"వంటకాల మాటేమిటి?"

"పెద్ద చేప, తలతో సహా. ముళ్ళు తియ్యొద్దని మరీమరీ చెప్పారు. పెద్దవాళ్ళు మామూలుగా ముళ్ళు తీసిపెట్టమంటారండీ. ఈయనేమో వద్దంటారు."

బస్టాండులో అన్నయ్య మైకు ముందు కూర్చుని ఉన్నాడు. నిన్న పది నుంచి పన్నెండు దాకా అతను ఆ కుర్చీలోంచి కదల్లేదని పై అధికారి చెప్పాడు. పదకొండింటికి తప్పిపోయిన పిల్ల గురించి అతను వరసగా పావుగంట అరుస్తూనే ఉన్నాడట. బస్టాండంతా సాక్ష్యమే.

"నాన్న గొంతు ఆయన ఉన్నప్పుడు చేసేవాణ్ణండీ, ఆయన ముందే, ఆయన్ని ఉడికించడానికి," అన్నాడు అన్నయ్య. "పోయాక ఒక్కసారీ చెయ్యలేదు. చేద్దామని నోరు తెరిస్తే ఏడుపొస్తుంది. ఆపరేషన్ వద్దన్నది నిజమే. నాకు భయం. నాన్నా లేక, అమ్మా లేకపోతే నేనేమైపోవాలి?"

మర్నాడు టైపిస్టు ఆసుపత్రికి ఫోన్ చేసి, నీళ్ళు తాగి మరీ చెప్పింది. "ఆపరేషన్ చేసే డాక్టరుగారి నర్సుతో మాట్లాడాను. మొన్న బుధవారం ఎవరో పెద్దాయన ఆమెకు ఫోన్ చేశాడట. డాక్టరుగారు చేపలు తింటారా అని అడిగి, ఆమె తెలీదనగానే పెట్టేశాడట. పోయినాయన డాక్టరు దాకా వెళ్ళాడు, మాస్టారూ."

మాస్టారు మొదటిసారి నవ్వారు. "పోయినాయనకు మెట్లతో పనేమిటమ్మాయ్? ఆ డాక్టరుగారితో నేను మాట్లాడాలి. ఒకటి అడగాలి, ఒకటి చెప్పాలి."

*

ఆదివారం మధ్యాహ్నం కూడా మంచు విడవలేదు. కిటికీ అవతల సముద్రం ఉండాల్సిన చోట తెల్లటి గోడ ఉంది. టేబుల్ చుట్టూ నలుగురు కూర్చున్నారు. ఐదో కుర్చీ ఖాళీగా ఉంది. వదిన దాని వంక చూడకుండా ఉండాలని నీళ్ళగ్లాసు వంకే చూస్తోంది.

మాస్టారు కిటికీ దగ్గర నిలబడ్డారు, ఆయన పక్కన టైపిస్టు.

"పుట్టినరోజు పూట ఎక్కువసేపు విసిగించను. ఫోన్ చేసింది ఎవరైనా కావచ్చు, కానీ ఎక్కణ్ణుంచి చేశారన్నది గడియారాలే చెప్పాయి. ఒక్కో గడియారం ఒక్కో సమయానికి పదకొండు కొట్టే ఇల్లు ఈ ఊళ్ళో ఒకటే. తాళంచెవులు ఇద్దరు పిల్లల దగ్గరున్నాయి. ఆ వేళకు చెల్లెలు లైబ్రరీలో, అన్న మైకు దగ్గర. మిగిలింది ఎవరు?"

"దెయ్యం," అంది వదిన, గొంతు తగ్గించి.

"దెయ్యానికి ఆయాసమెందుకమ్మా? మెట్లెన్నని అడిగేది మెట్లెక్కలేని మనిషి. మా టైపిస్టు ఫోన్ చేసినప్పుడు పెద్దాయన తీశారంది. అమ్మగారేమో 'మోగింది, పెట్టేశారు' అన్నారు. మోగిందని తెలియాలంటే అక్కడుంటే చాలు. అవతలివాళ్ళు పెట్టేశారని తెలియాలంటే ఫోన్ చెవికి పెట్టుకుని ఉండాలి. ఇద్దరూ నిజమే చెప్పారు. గుండెలో ఒక గది ఉబ్బితే, గొంతును ఆడించే నరం మీద ఒత్తిడి పడి గొంతు బొంగురుపోవచ్చని డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నాను. రోజూ మొహం చూస్తూ మాట్లాడే మీకు అది జలుబు. మొహం కనిపించనివాళ్ళకు మగగొంతు."

అందరూ ముసలావిడ వైపు తిరిగారు.

"అమ్మా," అన్నాడు కొడుకు నెమ్మదిగా.

"నేనేం గొంతు మార్చలేదురా," అంది ఆమె, ఆ బొంగురు గొంతుతోనే. "నా గొంతుతోనే అడిగాను. ఆ మేనేజరే సార్ అన్నాడు. పేరెవరిదంటే ఏం చెప్పాలో తోచలేదు. ఇన్నేళ్ళూ టేబుల్ ఆయన పేరు మీదేగా. నా పేరు మీద ఒక్క కుర్చీ కూడా ఎప్పుడూ అడిగి ఎరగను."

"మరి నేను హడలిపోయి వచ్చి చెప్పినప్పుడైనా..." కూతురి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఈలోగా పాడు బుద్ధి పుట్టింది. నాకు భయంగా ఉందంటే మీరంతా చేరి ధైర్యం చెబుతారు. ఆయన వద్దన్నారంటే ఎవరూ నోరెత్తరు. నిన్ను ఏడిపించాను. తప్పే."

"మరి ఈ కుర్చీ ఎవరికి?" అంది వదిన.

"డాక్టరుకి. నా గుండె కోసే మనిషి చేప ముల్లు ఎలా తీస్తాడో కళ్ళారా చూద్దామనుకున్నా. పిలిచే ధైర్యం చాల్లేదు."

"ఆ పని నేను చేశాను," అన్నారు మాస్టారు.

తలుపు తెరుచుకుంది. మంచుకు తడిసిన కోటు విప్పుతూ డాక్టరు వచ్చి, అందరికీ నమస్కారం పెట్టి ఐదో కుర్చీలో కూర్చున్నాడు. మేనేజరు పెద్ద చేపను తెచ్చి పెట్టి, మొదటి ముక్క అతిథికి వడ్డించాడు. ఆరు జతల కళ్ళు డాక్టరు చేతుల మీద వాలాయి.

డాక్టరు ఆ ముక్కను కాసేపు ఎగాదిగా చూసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏమనుకోకండి. నాకు చేప ముళ్ళు తియ్యడం రాదు. మా ఆవిడ తీసిపెడితే తింటాను. నేనే తీసుకుంటే తప్పకుండా గుచ్చుకుంటుంది."

టైపిస్టు మాస్టారి వైపు చూసింది. ఆయన మొహం పాలిపోయింది. ఈ లెక్క ఆయన వేసుకోలేదు.

ముసలావిడ మాత్రం ముందుకు వంగింది. "మరి నా ఆపరేషన్లో ఏది బాగాలేదు?"

డాక్టరు కూతురి వైపు చూడబోయి మానుకుని ఆమెనే చూశాడు. "మీ వయసు బాగాలేదు. ఆలస్యంగా వచ్చారు, అదీ బాగాలేదు. మొదటి మూడు రోజులు నరకంలా ఉంటుంది. గొంతు మళ్ళీ మామూలు కాకపోవచ్చు. వందలో ఐదుగురు ఇంటికి వెళ్ళరు. ఆ రోజు ఇవన్నీ చెప్పాల్సింది. మీరు భయపడతారని చెప్పలేదు."

ముసలావిడ అతని పళ్ళెం తన వైపు లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో ముల్లూ తీసి అంచున పెట్టింది. అంతా అయ్యాక వేళ్ళతో ఒకసారి తడిమి చూసి, పళ్ళెం అతని ముందుకు జరిపింది.

"తినండి. బుధవారం ఎన్నింటికి రమ్మంటారు?"

"ఏడింటికండీ. మంచం సిద్ధంగా ఉంచమని చెబుతాను."

"నా పేరు మీదే రాయించండి," అంది ఆమె.