బూజు చేయని నేరం

దాహే చొక్కా చేతులు మణికట్టు దాకా లాక్కుంది. ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు! కూర్చుంటే దురద, లేస్తే దురద... వంటింటికీ బాల్కనీకీ ఊరికే తిరుగుతోంది. అత్తగారు ఇంట్లో ఉంటే నేరం ఆవిడ మీదకు తోసేసేది. సోయాగింజలు ఉడికించి, దంచి, ఇటుకల్లా చేసి, బూజు పట్టి పులియాలని వరిగడ్డితో కట్టి గదిలో వేలాడదీసింది ఆవిడే కదా! "ఆ బూజే నన్ను తినేస్తోంది! అదుండాలో నేనుండాలో తేల్చండి!" అని అరిచింది ఆరోజు. ఆవిడ ఆ సోయా ముద్దలు మూటగట్టుకుని పోహాంగ్‌లో కూతురింటికి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళింది గానీ, దురద వెళ్ళలేదు!

"తగ్గినట్టేనా?" అని భర్త గ్యూతే అడిగితే, ఏ మొహంతో కాదనగలదు? "తగ్గిందండీ..." అంది.

"హమ్మయ్య! అమ్మకు ఫోన్ చేసి చెప్తా."

ఇక ఓర్చుకోలేక, ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ రక్తపరీక్షలు చూసి తల అడ్డంగా ఊపింది. "బూజుకు గానీ, తిండికి గానీ ఎలర్జీ ఏమీ లేదమ్మా. మీ ఒంట్లో రక్షణ వ్యవస్థే మీ మీద తిరగబడుతోంది. థైరాయిడ్ మీద కూడా దాడి చేసే గుర్తులు కనిపిస్తున్నాయి. మందులతో అదుపులో పెడదాం. కాస్త కాలం పడుతుంది."

తప్పు అత్తగారిది కాదని తెలిశాక దాహే ఒక్క క్షణం ఆగలేదు. ఇంటికి కాదు, నేరుగా పోహాంగ్ బస్సెక్కింది. దారంతా గోక్కుంటూ, ఏడుస్తూ...

అత్తగారు హాల్లో నేల మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. దాహే ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూలబడింది.

"అత్తయ్యా, మీ తప్పేం లేదు! నా ఒళ్ళే నాకు పగైంది! తగ్గకపోయినా తగ్గిందని అబద్ధమాడాను... నన్ను తిట్టండి!"

పెద్దావిడ తిట్టలేదు. కోడలి చెయ్యి లాక్కుని చొక్కా పైకి జరిపి చూసింది. ఆవిడ మొహం పాలిపోయింది.

"తగ్గలేదా? అబ్బాయి తగ్గిందన్నాడే! ఆ ఒక్క మాటతోనే కదే నేనీ సోఫా మీద కంటినిండా నిద్రపోయేదాన్ని! నేనొచ్చేస్తే నీకు నయమైందనుకున్నా... ఇప్పుడెవరు ఇల్లు వదిలితే నయమవుతుందే పిచ్చిదానా?"

దాహే ఆవిడ ఒళ్ళో తలదాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వెల్లుల్లి ఘాటు చేతులు దద్దుర్లకు తగలకుండా ఎత్తిపట్టుకుని, మోచేత్తోనే కోడలి వీపు నిమిరింది అత్తగారు.

"ఊరుకో, ఊరుకో... పద, ఇంటికి పోదాం. దురదతో నువ్వు, దిగులుతో నేను... నిద్రపట్టని వాళ్ళం ఇద్దరం ఒకచోటే ఉందాం."