మరకు నేర్పిన చెయ్యి

ఆ ఇంట్లో ముగ్గురికీ ఒకటే అద్దం. పొద్దున్నే దాని ముందు తండ్రి గడ్డం గీసుకుంటున్నాడు. కూతురు ఆయన భుజం మీంచి తొంగిచూస్తూ జడ అల్లుకుంటోంది. తల్లి వంటింట్లోంచి కేకేసింది.

"పెళ్లిచూపులకేమన్నా పోతున్నారా ఇద్దరూ? బస్సు మీకోసం ఆగదు."

"నాన్న బుగ్గలకి కూడా పాలిష్ పెడుతున్నాడే అమ్మా. గీత పడితే ఊరుకోడుగా!"

తండ్రి నవ్వలేదు గానీ మీసం కదిలింది. ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీలో ఇత్తడి కుళాయిలకి మెరుగు పెట్టే పనాయనది. గిర్రున తిరిగే గుడ్డ చక్రానికి కుళాయి ఆనించి, అందులో మొహం కనబడేదాకా పట్టాలి. కూతురికీ ఆయనే నేర్పాడు. నాలుగేళ్లుగా ఆయన పక్క చక్రమే ఆమెది.

అంతలో కూతురి ఫోను మోగింది. చదివింది. సగం అల్లిన జడ చేతిలోంచి జారిపోయింది.

"ఇవాళ్టి నుంచి రావద్దట. మెరుగు పనిలో పదకొండు మందిని తీసేశారు."

"పన్నెండు మందిమి కదే?" అన్నాడు తండ్రి.

"నిన్నొక్కణ్ణే ఉంచారు నాన్నా. రెండో మరచేతికి, అదే ఆ రోబోకి, షవరు గొట్టాల పని నేర్పాలట."

తల్లి గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "అదేంటి? ఆ మొదటి మరచెయ్యి కుళాయి మెడ వంపు దగ్గర గీతలు పెడుతోంది, వెనక్కి పంపేస్తారని మీరే చెప్పారుగా!"

"పంపేసేవాళ్లే. లారీ కూడా మాట్లాడారు. తర్వాత ఏమైందో ఆయన్నడుగు," అంది కూతురు.

తండ్రి కత్తి కింద పెట్టాడు. ఒక బుగ్గ మీద నురుగు అలాగే ఉంది.

ఫ్యాక్టరీ ఇంజనీరు తండ్రి చేతికి తీగల తొడుగు వేసి రెండు నెలలు పని చేయించుకున్నాడు. చెయ్యి ఎటు కదిలితే అటు మరచెయ్యీ కదిలేది. కానీ కుళాయి మెడ వంపులో బొటనవేలు ఒక్క క్షణం వదులు చెయ్యాలి. అది తొడుగుకి అందలేదు. ఆ సంగతి గురించి ఎవరూ నోరెత్తకూడదని పన్నెండు మందీ అనుకున్నారు. ఆయనా తలూపాడు.

"చెప్పేశావు కదా నాన్నా?"

"గీతలు పడ్డ సరుకు నా కళ్లముందే పెట్టెల్లోకి ఎక్కిస్తున్నారమ్మా. చూస్తూ ఉండలేకపోయాను."

"కుళాయి మీద గీత కనబడింది. పక్క చక్రం దగ్గర నేను కనబళ్లేదా?"

ఆయన కత్తికి అంటిన నురుగు వేలితో తుడిచాడు.

"ఆ వేలు వదలడం నాకు రావడానికి రెండేళ్లు పట్టింది. చేతి మీద కొట్టి మరీ నేర్పావు. ఆ మరచేతికెంతసేపు పట్టింది?"

"ఒక పూట," అన్నాడు తండ్రి. ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "ఆ ఇంజనీరు 'గురువుగారూ' అని పిలిచాడే. ముప్పై ఏళ్లలో నన్ను అక్కడ ఎవరూ అలా పిలవలేదు."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ ఒక్క పిలుపుకి పిల్ల నోటిదగ్గర కూడు ఇచ్చేసి వచ్చారా?"

తండ్రి చటుక్కున లేచాడు. "రెండోదానికి తప్పు నేర్పుతాను. వదలాల్సిన చోట బిగించమంటాను. అన్నీ గీతలే పడనీ. దాంతో ఆ మరచేతుల పీడ వదిలిపోతుంది, మిమ్మల్ని మళ్లీ పిలుస్తారు."

కూతురు ఆయన్నే చూసింది. ఆ చూపులో కోపం మెల్లగా విరిగిపోయింది. ఆయన కుడిచెయ్యి పట్టుకుని, కాయలు కాసిన అరచేతిలో మొహం పెట్టి ఏడ్చింది.

"నీ వల్ల కాదు నాన్నా. పని చెడగొట్టడం ఈ చేతికి రాదు."

"ప్రయత్నిస్తానమ్మా."

"రాదు. నాకు తెలుసు. నువ్వు పెంచిన చెయ్యేగా నాదీ." కళ్లు తుడుచుకుని, తువ్వాలుతో ఆయన బుగ్గ మీది నురుగు కూడా తుడిచింది. "వెళ్లు. ఇద్దరం కూర్చుంటే తినేదెలా? నీమీద కోపం లేదని అనను. కానీ వెళ్లు."

తండ్రి చొక్కా తొడుక్కున్నాడు. కళ్లలో నీళ్లు నిండి ఏమీ కనబడటం లేదు. అయినా ఒక్క గుండీ కూడా పక్క కాజాలోకి పోలేదు. ఆఖరి గుండీ దగ్గర అది గమనించి, గుమ్మం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.